సోదరీమణులతో నాలుగు మాటలు: నీటికాన్పు, చిరుగు భయము

గతమాసమున నొక మధ్యాహ్నము మా యెదురింటి కోడలు వచ్చి మా వంటయింటి గడపకడ కూర్చుండెను. ఆమెకు ఏడవ నెల; తొలిచూలు. చేతనున్న ఫోనులో మాకొక బొమ్మ చూపెను. ఏదో పరదేశమున నొక యువతి వెచ్చని నీటితొట్టిలో కూర్చుండి, అప్పుడే పుట్టిన తన బిడ్డను తన చేతులతోనే నీటినుండి పైకెత్తుకొనుచున్నది. "అక్కా, నీళ్ళలో కన్నచో నొప్పి తక్కువట, చిరుగుట యుండదట. మన నల్లగొండలో నిట్టి తొట్టి యెక్కడనైన గలదా? సారును కనుగొని చెప్పమనవా?" అని యడిగెను.

ఆమె వెనుకనే వచ్చిన యత్తగారు నవ్వి, "చూచితివా తల్లీ, దీని కోరిక! మా కాలమున రెండు బిందెల నీళ్ళకు క్రోసెడు దూరము నడచితిమి. చేనిలో కలుపు తీయుచుండగా నొప్పులు వచ్చిన, ఇంటికి నడచి వచ్చి కంటిమి. ఇప్పుడు కాన్పునకు తొట్టెడు నీళ్ళట!" అనెను.

కోడలు తల వంచుకొనెను. కొంతసేపటికి మెల్లగా, "మా చిన్నమ్మ కూతురికి చాల కుట్లు పడినవి. ఆరునెలలు సరిగా కూర్చుండలేకపోయినది" అనెను. తొట్టిని గూర్చిన ప్రశ్న వెనుకనున్న భయము మాకప్పుడు తెలిసినది. ఆ భయము మా కెరుకలేనిది గాదు. ఆ దినమున మజ్జిగ యిచ్చి పంపితిమేగాని, సమాధానము చెప్పలేకపోతిమి. పిమ్మట మావారిచేత వైద్యుల వ్రాతలు తెప్పించుకొని చదివితిమి. పురిటిగదులలో పెక్కేండ్లు పనిచేసిన నర్సునొకామెను అడిగితిమి. ఆ పిల్లకు చెప్పదలచిన మాటలనే యీ మాసము మీ యందరి యెదుట నుంచుచున్నాము.

నీటికాన్పు వింతగా దోచినను నిన్నమొన్నటిది గాదు. 1803లో ఫ్రాన్సు దేశమున రెండు దినములు నొప్పులుపడి యలసిన యొక స్త్రీ సేదదీరుటకై వేన్నీళ్ళ తొట్టిలో దిగగా, అందే ప్రసవమయ్యెనని అచ్చటి వైద్యులు వ్రాసియుంచిరి. తరువాత చాలకాలమునకు, ఆ దేశముననే పితివియే యను చిన్న పట్టణపు ఆసుపత్రిలో మిషెల్ ఓదాఁ అను వైద్యుడు నొప్పి తగ్గించుటకు తొట్టి నేర్పరచెను. కొందరు లేచి రాకమునుపే నీటిలోనే కనిరి. అట్టి నూరు కాన్పులను గూర్చి ఆయన 1983లో ప్రకటించెను. మన హైదరాబాదున, 1948లో స్థాపితమైన ఫర్నాండెజ్ ఆసుపత్రి, శాస్త్రీయశిక్షణ పొందిన మంత్రసానులను తీర్చిదిద్దుటకు పూనుకొని పేరుగాంచినది. అచ్చట నీటికాన్పులును జరుగుచున్నవి. నల్లగొండ, పాలమూరు సీమలలోని మన సామాన్య గృహములవారికి మాత్రము అది నూరు మైళ్ళ దూరపు మాటయే.

వెచ్చని నీళ్ళు నొప్పులకు హితమని మన పెద్దలును ఎరుగుదురు. మా తండ్రిగారు మాకు సంస్కృతము నేర్పునప్పుడు కావ్యములైన పిదప సుశ్రుతసంహితలోని శారీరస్థానము గూడ చదివించిరి. అందు పదియవ అధ్యాయమున, ప్రసవకాలము సమీపించిన స్త్రీకి చక్కగా నూనె యంటి, వేన్నీళ్ళు పోసి, కడుపునిండ గంజి త్రావించవలెనని యున్నది. గోళ్ళు తీసికొనిన పెద్దస్త్రీలు నలుగురు దగ్గర నుండవలెననియు, నొప్పి రాకముందు ముక్కరాదనియు నున్నది. ఈ మాటలు నేటికిని చెల్లును. అయితే బిడ్డ ద్వారమునకు వచ్చినప్పుడు మునుపటికంటె గట్టిగా ముక్కుమని గూడ నా గ్రంథము చెప్పుచున్నది. నేటి మంత్రసానులు దీనికి భిన్నముగా, శిరస్సు కానవచ్చువేళ ముక్కుట నిలిపి మెల్లమెల్లగా ఊపిరి విడువుమందురు. కండకు సాగుటకు వ్యవధి యియ్యవలెనని వారి యభిప్రాయము. పాతగ్రంథమునందు మాకు గౌరవము మెండు. ఈ యొక్క విషయమున మాత్రము నేటివారి మాటనే మేము గ్రహించుచున్నాము.

ఇక చిరుగు మాట. ప్రసవద్వారమునకును మలద్వారమునకును నడుమ నొక కండ గలదు. బిడ్డ శిరస్సు వెలువడునపుడు అది యెంతయో సాగవలెను. తొలికాన్పున పదిమందిలో తొమ్మండుగురికి ఏదో కొంత గీరుటయో, చిరుగుటయో, కోతయో కలుగునని బ్రిటను వైద్యుల లెక్క. వైద్యులు చిరుగును నాలుగు తరగతులుగా విభజించిరి. చర్మము మాత్రము చిరిగిన మొదటిది. అది తనంతట మానుటయు కలదు. లోపలి కండ చిరిగిన రెండవది. దీనికి కుట్లు వేయుదురు. మలద్వారమును బిగించిపట్టు కండకు తాకిన మూడవది. మలాశయపు లోపొర వరకు పోయిన నాల్గవది. మొదటి రెండును సాధారణములు, మానునవి. కడపటి రెండింటికే భయపడవలెను. బ్రిటను దేశమున తొలికాన్పువారిలో నూటికి సుమారు ఆరుగురికి ఇట్టివి కలుగుచున్నవని యందురు. తొలికాన్పు, బిడ్డ నాలుగు కిలోలకు మించుట, పట్టుకారుతో లాగుట, ముక్కుట చాలసేపు పట్టుట – ఇవి కారణములు. ఆసియా ఖండపు స్త్రీలకు ఆ దేశమున నీ యపాయ మధికమని గూడ వారు కనుగొనిరి. కనుక మనము ఏమరరాదు.

నీళ్ళు ఈ చిరుగును ఆపునా? 2018 వరకు జరిగిన పదునైదు పరీక్షలను, 3663 మంది స్త్రీల వివరములను ఒకచోట చేర్చి చూచినవారు, నొప్పులవేళ నీటిలో నున్నవారికి వెన్నులో సూదిమందు అవసరము తగ్గినదనియు, పెద్ద చిరుగులలో మాత్రము చెప్పదగిన భేదము లేదనియు తేల్చిరి. 2024లో బ్రిటను దేశమునుండి మఱియొక పెద్ద పరిశీలన వెలువడినది. నీటితొట్టి నుపయోగించి, చిక్కులు లేని స్త్రీలలో నీటిలోనే కన్నవారిని, వెలుపలికి వచ్చి కన్నవారిని పోల్చి చూచిరి. తొలికాన్పున పెద్ద చిరుగు నీటిలో నూటికి 4.8, వెలుపల 5.3. తరువాతి కాన్పులలో నీటిలో 1.1, వెలుపల 1.7. నీటిలో కన్నందువలన చిరుగు హెచ్చదని యిందువలన ధైర్యము కలుగుచున్నది. తొలికాన్పువారికి నీళ్ళు కవచమని మాత్రము చెప్పవీలులేదు. అమెరికాలోని ప్రసూతివైద్యుల సంఘము 2016లో, నొప్పులవేళ నీటిలో నుండుట మేలేగాని, కనుట మాత్రము నేలమీదనే యుండవలెనని సలహా యిచ్చినది. పండితులలోనే యింకను ఏకాభిప్రాయము లేదు.

తొట్టికి తగిన కట్టుబాట్లును కొన్ని గలవు. నీళ్ళు శుభ్రముగా, దేహపువేడికి సమముగా నుండవలెను, 37.5 డిగ్రీలు మించరాదు. బిడ్డ వెలువడినంతనే ముఖము నీటిపైకి తేవలెను, మఱల ముంచరాదు. పైకి తెచ్చునపుడు బొడ్డుత్రాడు బిగిసి తెగు ప్రమాదము నేలపై కంటె నీటిలో నధికము, అది యరుదైనను. కనుక నేర్పరియగు మంత్రసాని ప్రక్కనుండక తీరదు. నెలలు నిండని కాన్పు, కవలలు, ఎదురుకాళ్ళు, రక్తపు పోటు, జ్వరము, రక్తస్రావము ఉన్నవారికి తొట్టి తగదు. రక్తహీనులును జాగ్రత్తపడవలెను. నీటిలో ఎంత రక్తము పోయినదో తెలియుట కష్టము. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో గర్భిణులలో సగముమందికి పైగా రక్తహీనులు. ఇక నింటిలో సిమెంటు గోలెము నింపి, ఫోనులో చూచి కనవచ్చునని యెవరైన తలచినచో, చేతులెత్తి వేడుకొనుచున్నాము: ఆ పని చేయకుడు.

సోదరీమణులారా! ఇంతవరకు పరుల లెక్కలు చెప్పితిమి. ఇప్పుడు మా మాట యొకటి చెప్పవలసియున్నది. ఇది వ్రాయవలెనా వలదా యని నాలుగు దినములు ఆలోచించితిమి.

పండ్రెండేండ్ల క్రిందట మా తొలికాన్పు ఒక ఆసుపత్రిలో జరిగెను. వెల్లకిల పరుండబెట్టి, కాళ్ళు పైకి కట్టి, "ముక్కు, ముక్కు" అని నలుగురు కేకలు వేసిరి. కోయుచున్నామని మాతో నొకరును చెప్పలేదు. కుట్లు ఎన్ని పడినవో, ఎచ్చటివరకు చిరిగినదో ఇంటికి వచ్చునపుడును చెప్పలేదు. పురిటిస్నానమైనది, బాలసారె జరిగినది, బిడ్డ బొద్దుగా పెరుగుచుండెను; అందరును సంతోషించిరి. మేము మాత్రము అపానవాయువును పట్టుకొనలేకపోతిమి. ఒక్కొక్కప్పుడు చీర పాడగుచుండెను. శనివారములయందు నలుగురు స్త్రీలు చేరి భాగవతము చదువుకొను చోటికి పోవుట మానితిమి. పెండ్లి పిలుపులకు తలనొప్పి సాకు చెప్పితిమి. కట్టుకొనినవారికైనను చెప్పలేదు. ఆడుదానికి కాన్పు తరువాత ఇట్లే యుండునేమోయని తలచితిమి. తొమ్మిది నెలలకు, బిడ్డకు టీకా వేయించుటకు పోయినప్పుడు, అచ్చటి నర్సు మా ముఖము చూచి, "అమ్మా, మీ కుట్లు మానినవా? పట్టు ఉన్నదా?" అని యడిగెను. ఆ రెండు ప్రశ్నలకే మాకు కన్నీళ్ళు వచ్చినవి. ఆమె పంపిన వైద్యురాలు పరీక్షించి, మూడవ తరగతి చిరుగు గుర్తింపబడకయే పై కుట్లు పడినవని చెప్పి, చికిత్సయు వ్యాయామమును ఏర్పరచెను. ఏడాదికి మేము మఱల శనివారపు చాపమీద కూర్చుంటిమి.

ఇది చదివి భయపడకుడు. మాకు జరిగినది జరుగకుండుటకు మార్గములు గలవు. వానికి తొట్టి యక్కరలేదు. కావలసినవి గిన్నెడు వేడినీళ్ళు, శుభ్రమైన గుడ్డ, ఓపిక గల చేయి, నోరు విప్పి అడుగు ధైర్యము.

మొదటిది వెచ్చని గుడ్డ. బిడ్డ శిరస్సు ఆ నడిమి కండను సాగదీయు వేళ, వేడినీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను అచ్చట అదిమి పట్టినచో, మూడవ నాల్గవ తరగతుల చిరుగులు సుమారు సగమునకు తగ్గినవని 2017లో ప్రకటితమైన సమీక్షలో తేలినది. ఆ వేడి చేతికి హితముగా నుండవలెను, కాలరాదు. మా నాయనమ్మను కనిన పాలమూరు పల్లెలోని మంత్రసాని కుంపటిపై నీళ్ళు పెట్టుకొని ఇట్లే చేసెడిదట. ఈ పని నేడు నర్సు చేయవలసినది. "మీరు వెచ్చని గుడ్డ పట్టుదురా?" యని ముందుగానే అడుగుట మన పని.

రెండవది మర్దనము. ఎనిమిది నెలలు దాటిన పిదప, సుమారు ముప్పదియైదవ వారమునుండి, చేతులు కడుగుకొని శుభ్రమైన వంటనూనెతో ఆ కండను లోపలినుండి క్రిందికి, ప్రక్కలకు మెల్లగా సాగదీయుట. వారమునకు ఒకటి రెండుసార్లు చాలును. తొలికాన్పువారికి దీనివలన కుట్ల యవసరము కొంత తగ్గును. ఉమ్మనీరు పోవుచున్నను, రక్తము కానవచ్చినను, మంట యున్నను చేయరాదు. ముందు వైద్యురాలిని అడిగి నేర్చుకొనుడు.

మూడవది కోత. అందరికిని అలవాటుగా కోయుట తగదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో స్పష్టముగా చెప్పినది. అవసరమైనప్పుడే కోసినచోట పెద్ద చిరుగులు తగ్గినవేగాని హెచ్చలేదు. బిడ్డకు ఊపిరి కష్టమైనపుడు, పట్టుకారు వేయవలసినపుడు కోత మేలే చేయును. కనుక "కోయవలదు" అని మొండిపట్టు వలదు. "అవసరమైనచో కోయుడు; కోయుటకు ముందు నాతో చెప్పుడు" అనుట మన హక్కు. వెల్లకిల గాక ప్రక్కకు తిరిగి పరుండి కనవచ్చునా యనియు అడుగవచ్చును.

నాలుగవది తోడు. ప్రభుత్వాసుపత్రుల పురిటిగదిలో గర్భిణికి తోడుగా కాన్పెరిగిన స్త్రీ నొకరిని ఉండనీయవలెనని 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. మన రాష్ట్రమున 2017లో కరీంనగరున నర్సులకు మంత్రసాని విద్య నేర్పుట ఆరంభమైనది. ఓపికతో కనిపెట్టుకొనియుండుట ఆ విద్యకు మూలము. మీకు దగ్గరనున్న ఆసుపత్రిలో అట్టి నర్సు గలదేమో ఆశా కార్యకర్తను కనుగొనుడు.

చిరుగునకు వెరచి, పొట్టకోతయే మేలని తామే కోరుకొనువారును గలరు. పైన చెప్పిన సర్వే నాటికే మన రాష్ట్రమున నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5. ప్రాణము నిలుపుటకు చేసిన ఆపరేషనుకు నమస్కరింతము. కాని అదియు కోతయే. ఏడు పొరలు కోయుదురు, మఱుసటి కాన్పునకు గూడ దాని జాడ యుండును. రెండంగుళముల చిరుగునకు వెరచి పొట్ట కోయించుకొనుట లాభము గాదు.

కాన్పైన పిదప మూడు మాటలు మఱువకుడు. ఎంతవరకు చిరిగినది, ఏ తరగతి, మలద్వారము గూడ పరీక్షించిరా అని అడిగి, కాగితముపై వ్రాయించుకొనుడు. కుట్ల చోటును శుభ్రముగా, పొడిగా నుంచుకొనుడు. దుర్వాసన, చీము, జ్వరము కానవచ్చిన వెంటనే పోవుడు. ఆసుపత్రివారు సరేయనినంతనే, మలమును మూత్రమును బిగబట్టునట్లు లోపలి కండను బిగించి, కొన్ని క్షణములు నిలిపి వదలుడు. పూటకు ఎనిమిదిసార్లు, దినమునకు మూడు పూటలు.

ఇంటి పెద్దలకు ప్రత్యేకముగా నొక మనవి. నీళ్ళు త్రాగిన ఒళ్ళు నీరుపట్టుననియు, పప్పు తినిన కుట్లు చీముపట్టుననియు బాలింతకు గ్రుక్కెడు నీళ్ళు, కారపుపొడి మెతుకులు పెట్టు ఇండ్లు మన సీమలో నేటికిని గలవు. నీళ్ళు లేక, ఆకుకూర లేక మలము గట్టిపడును, ముక్కిన కుట్లపై బలము పడును, పాలును తగ్గును. పప్పు కండను మాన్పునదేగాని చెరుపునది గాదు. నీటికాన్పు మనకు దొరకకున్న పోనిండు. బాలింత మంచము ప్రక్కన చెంబెడు కాచిచల్లార్చిన నీళ్ళు పెట్టుటకు ఏ ఆసుపత్రి కావలెను?

ఈ మాటలు వ్రాయకముందు ఆ పిల్లకు నోటితోనే చెప్పితిమి. మా కథయు చెప్పితిమి. అత్తగారు ప్రక్కన చేటలో బియ్యము చెరుగుచుండెను. మేము శనివారపు భాగవతము మానిన మాట చెప్పునప్పటికి చేట నిలిచినది. చాలసేపు ఆమె యేమియు అనలేదు. పిదప తల యెత్తకయే, "నాకు వీని తరువాతి కాన్పునుండి అట్లే యున్నది తల్లీ. ఇరువదియాఱు ఏండ్లు. దూరపు బస్సు ఎక్కను. తిరుపతికి అందరును పోయిరి, నేను పోలేదు. మోకాళ్ళ నొప్పియని చెప్పితిని" అనెను. కోడలు లేచి పోయి అత్తగారి చేయి పట్టుకొనెను. ఆమె అనుమతితోనే ఇది వ్రాయుచున్నాము. "ఇంకెవరికైన మేలగునేమో, పేరు వ్రాయకుము" అనినది.

ఇన్నేండ్లకైనను వైద్యము గలదని మేము చెప్పితిమి. వచ్చు సోమవారము ఆమెను వైద్యురాలి యొద్దకు మేమే తోడ్కొని పోవుచున్నాము. కోడలి కాన్పునకు పురిటిగదిలో తోడుగా తానే యుండెదనని ఆమె ఆసుపత్రిలో ముందుగానే చెప్పివచ్చినది. వెచ్చని గుడ్డ మాట నర్సును రెండుమారులు అడిగెనట.

మీ యింటను ఇట్లే తలనొప్పి సాకుతో పెండ్లిండ్లు మానినవారు, మోకాళ్ళ నొప్పి పేర యాత్రలు మానినవారు ఉందురేమో. వంటయింటిలో నొంటరిగా నున్న వేళ చూచి, ఆ నర్సు మమ్ము అడిగిన రెండు ప్రశ్నలు మీరును అడుగుడు.